నాసిక్ ద్రాక్షతోటల నుంచి ముంబయి సముద్రం దాకా: నాలుగు రోజుల పుట్టినరోజు ప్రయాణాన్ని ఎలా కుదుర్చుకోవాలి

తెలుగు ఊళ్ళలో 'వైన్స్' అన్న బోర్డు కనిపిస్తే అది మద్యం దుకాణమని అర్థం. అక్కడ విస్కీ, బ్రాందీ, బీరు దొరుకుతాయి గాని, ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసిన అసలైన వైన్ కోసం అక్కడికి వెళ్ళేవారు తక్కువ. అందువల్ల వైన్ కూడా ఒక పంట నుంచి పుట్టినదేననీ, దానికీ ఒక నేల, ఒక ఋతువు, ఒక కోతకాలం ఉంటాయనీ కళ్ళారా చూసే అవకాశం మనలో చాలామందికి రాలేదు. ఆ అవకాశం హైదరాబాద్ నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో, అదీ మన గోదావరి ఒడ్డునే ఉంది. నాసిక్ చుట్టూ ఉన్న ద్రాక్షతోటల్లో రెండు రోజులు, అక్కడికి దాదాపు 170 కిలోమీటర్ల దూరంలో ఉన్న ముంబయిలో రెండు రోజులు గడిపేలా ఒక పుట్టినరోజు ప్రయాణాన్ని ఎలా కుదుర్చుకోవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాను. మా అక్క 50వ పుట్టినరోజుకు మేము ఆరుగురం ఇదే దారిలో వెళ్ళాము. అప్పుడు బాగా కుదిరినవీ, కుదరనివీ రెండూ ఇందులో ఉన్నాయి.

ముందు నెల చూసుకోవాలి

పుట్టినరోజు మనం ఎంచుకున్న తేదీన రాదు కాబట్టి, ఆ నెలలో తోటలు ఏ స్థితిలో ఉంటాయో ముందుగా తెలుసుకోవాలి. ఐరోపాలో ద్రాక్షతీగ చలికాలమంతా నిద్రపోయి, ఎండాకాలం చివర పండుతుంది. నాసిక్‌లో లెక్క దాదాపు తలకిందులుగా ఉంటుంది. ఇక్కడి వేడికి తీగ ఎప్పుడూ నిద్రపోదు గనుక, రైతులు ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. కోత అయ్యాక ఏప్రిల్ ప్రాంతంలో చేసే మొదటి కత్తిరింపు తీగ బలం కోసం, వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో చేసే రెండో కత్తిరింపు పండు కోసం. ఆ తర్వాత వచ్చే గుత్తులు వెచ్చని పగళ్ళలో, చల్లని రాత్రుల్లో నెమ్మదిగా పండి, జనవరి నుంచి మార్చి దాకా కోతకు వస్తాయి. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల నాసిక్‌లో చలికాలపు రాత్రులు బాగా చల్లగా ఉంటాయి. పండులో పులుపు నిలవడానికి ఆ చలే కారణం, పులుపు లేని ద్రాక్షతో మంచి వైన్ రాదు.

కాబట్టి డిసెంబరు నుంచి మార్చి లోపు పుట్టినవారు అదృష్టవంతులు. అక్టోబరు, నవంబరు నెలల్లో లేత చిగుళ్ళు కనిపిస్తాయి, వాతావరణమూ హాయిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పండు ఉండదు గాని, గంగాపూర్ జలాశయం నిండి, ఇగత్‌పురి కొండల మీద జలపాతాలు దూకుతూ ఉంటాయి. వాన ఇష్టమైనవారికి అది వేరే రకమైన అందం. అయితే ఆ నెలల్లో ముంబయిలో పడవలు ఆగిపోయే రోజులు ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఏప్రిల్, మే నెలలను మాత్రం నేను సిఫారసు చేయను. అప్పటికి పందిళ్ళు బోడిగా ఉంటాయి, ఎండ 40 డిగ్రీలకు చేరువవుతుంది. 2027లో నాసిక్, త్ర్యంబకేశ్వర్లలో సింహస్థ కుంభమేళా జరుగుతుంది కనుక ఆ ఏడాది వర్షాకాలంలో విహారయాత్ర ఆలోచన మానుకోవడం మంచిది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించే ఆ సంవత్సరమే మనకు గోదావరి పుష్కరాలు కూడా.

ఇక తేదీ విషయంలో మేము చేసిన పొరపాటు మీరు చేయవద్దు. వరుసగా సెలవులు కలిసివచ్చాయని రిపబ్లిక్ డే వారాంతాన్ని ఎంచుకున్నాము. జనవరి 26 మద్యనిషేధ దినమన్న సంగతి తోట గుమ్మం దాకా వెళ్ళాక గాని మాకు తోచలేదు. ఆ ఒక్క రోజు తోట చూశాము, భోజనం చేశాము, కాని వైన్ ఒక్క చుక్క కూడా పోయలేదు. తప్పు పూర్తిగా మాదే. ఆగస్టు 15, అక్టోబరు 2, ఎన్నికల రోజులకూ ఇదే వర్తిస్తుంది. మహారాష్ట్రలో ఇవి కాక మరికొన్ని మద్యనిషేధ దినాలు కూడా ఉంటాయి కనుక, బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఆ తేదీని అడిగి తెలుసుకోవాలి. మన ఇళ్ళలో తారీఖు ప్రకారం ఒక పుట్టినరోజు, తిథి ప్రకారం ఒక పుట్టినరోజు ఉండటం ఇక్కడ చక్కగా పనికివస్తుంది. రెండింటిలో ఏది వారం మధ్యలో పడితే దానికి వెళ్ళండి. శని, ఆదివారాల్లో ముంబయి, పుణెల నుంచి జనం పెద్దఎత్తున వస్తారు. ఆ రోజుల్లో గదుల ధరలు పెరుగుతాయి, తోటలో ఉండాల్సిన ప్రశాంతత తగ్గుతుంది.

తోట ముందు, నగరం తర్వాత

చాలామంది ముంబయికి విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి ఒక్కరోజు కోసం నాసిక్ వెళ్ళివస్తారు. ఆ క్రమం నాకు నచ్చదు. ముంబయి నుంచి కారులో వెళ్ళిరావడానికే ఏడెనిమిది గంటలు పోతాయి. సాయంత్రం వెలుగులో తోట అత్యంత అందంగా ఉండే సమయానికి మీరు తిరుగుదారిలో ట్రాఫిక్‌లో ఉంటారు. పైగా వైన్ రుచి చూసినవారెవరూ కారు నడపకూడదు. అందుకే పుట్టినరోజును తోటలోనే జరుపుకొని, ఆ రాత్రి అక్కడే నిద్రపోయి, మరునాడు కొండదిగి నగరానికి వెళ్ళే క్రమాన్ని నేను గట్టిగా చెబుతాను. అలసట లేని మనసుతో తోటను చూడాలి. నగరం ఏ స్థితిలో వెళ్ళినా మనిషిని తన ఊపులోకి లాక్కుంటుంది.

హైదరాబాద్ నుంచి వెళ్ళేవారికి లింగంపల్లి, ముంబయిల మధ్య తిరిగే దేవగిరి ఎక్స్‌ప్రెస్ అనువైనది. నిజామాబాద్, బాసర, నాందేడ్, ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్), మన్మాడ్ మీదుగా వెళ్ళే ఈ రైలు నాసిక్ రోడ్ స్టేషన్‌కు తెల్లవారకముందే చేరుతుంది. కాబట్టి స్టేషన్‌కు కారు రమ్మని ముందే చెప్పిపెట్టుకోవాలి, బస చేసే చోట పొద్దున్నే గది ఇస్తారో లేదో కనుక్కోవాలి. విమానంలో వెళ్ళదలచినవారికి నాసిక్ విమానాశ్రయం ఓఝర్‌లో ఉంది. సర్వీసులు మారుతుంటాయి గనుక మీ తేదీలకు చూసుకోండి. కోస్తా జిల్లాలవారు సికింద్రాబాద్‌లో రైలు మారడమో, హైదరాబాద్ మీదుగా విమానంలో వెళ్ళడమో సులువు.

ఏ తోటలు, ఎన్ని తోటలు

నాసిక్‌కు పశ్చిమాన గంగాపూర్ జలాశయం వైపు వెళ్ళే దారిలో సులా వైన్‌యార్డ్స్ ఉంది. రాజీవ్ సామంత్ అమెరికాలో ఉద్యోగం వదిలివచ్చి, కుటుంబానికి చెందిన భూమిలో 1990ల చివర వైన్ ద్రాక్ష నాటించి, 2000లో మొదటి సీసాలు విడుదల చేశారు. తల్లి సులభ పేరులోంచే సంస్థకు ఆ పేరు పెట్టారు. ఆ తర్వాత 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి పరిశ్రమ కోసం ప్రత్యేక విధానం తెచ్చి పన్నుల్లో రాయితీలు ఇవ్వడంతో నాసిక్ చుట్టూ వైనరీలు వరుసగా పుట్టుకొచ్చాయి. సులాకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జలాశయానికి ఎదురుగా యార్క్ ఉంది. ఇది చిన్నది, నిదానమైనది. ఒక కుటుంబం మొదలుపెట్టిన దీనిని 2021లో సులా కొనుగోలు చేసింది. ముంబయి దారిలో ఇగత్‌పురి వైపు గ్రోవర్ జాంపా, వాలోనె ఉన్నాయి. దిండోరిలో షాందోన్ సంస్థ నురుగు వైన్ చేస్తుంది.

ఇన్ని ఉన్నాయి గదా అని ఒకే రోజు నాలుగు చూడాలనుకోవద్దు. ఒక్కోచోట నాలుగు నుంచి ఆరు రకాలు, ఒక్కొక్కటి సుమారు 30 మి.లీ. చొప్పున రుచి చూపిస్తారు. రెండు చోట్లకు వెళ్ళేసరికే అది రెండు నిండు గ్లాసులతో సమానమవుతుంది. మూడో చోట నాలుకకు తేడాలు తెలియవు. రోజుకు రెండు చాలు. వాటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే మరీ మంచిది. పెద్దదానిలో తయారీ అంతా పద్ధతిగా చూపిస్తారు, చిన్నదానిలో పోసేవారికి మీతో కూర్చుని మాట్లాడే తీరిక ఉంటుంది. టూరు, టేస్టింగు, రాత్రి భోజనం, గది అన్నీ కనీసం నెల ముందు బుక్ చేసుకోవాలి. ఫోనులో ఇది పుట్టినరోజు అని చెప్పి, కేకు బయటి నుంచి తేవచ్చా, అక్కడే ఏర్పాటు చేస్తారా అని అప్పుడే అడగండి. 21 ఏళ్ళు నిండనివారికి వైన్ పోయరు కనుక అందరూ గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి.

టూరులో గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మనం తినే గింజలేని ద్రాక్షకూ వైన్ ద్రాక్షకూ చాలా తేడా ఉంది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ పండిన అనాబ్-ఎ-షాహీ గింజలున్న రకమే అయినా పెద్దగా, రసంతో నిండి, పలచని తొక్కతో ఉండేది. వైన్ ద్రాక్ష చిన్నది, గింజలున్నది, మందపాటి తొక్క గలది. రంగు, వగరు రెండూ ఆ తొక్క నుంచే వస్తాయి. తెల్ల వైన్ కోసం పండును పిండి, రసాన్ని మాత్రమే చల్లని ఉక్కు ట్యాంకుల్లో పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కలతో సహా పులియనిస్తారు. ఓక్ చెక్క పీపాలున్న గదిలోకి తీసుకువెళ్ళినప్పుడు గాలి పీల్చి చూడండి. చెక్క, ఈస్టు, పండు కలిసిన ఆ వాసన మరెక్కడా ఉండదు.

రుచి చూసే పద్ధతి గురించి సంకోచం అక్కరలేదు. గ్లాసును కాడ దగ్గర పట్టుకుంటే చేతి వేడి వైన్‌కు తగలదు. మొదట రంగు చూసి, గ్లాసును నెమ్మదిగా తిప్పి, వాసన చూసి, చిన్న గుక్కను నోటిలో అటూఇటూ కదిపితే చాలు. మింగడం ఇష్టం లేకపోతే ఉమ్మడానికి పాత్ర ఉంటుంది, అది అమర్యాద కాదు. వర్ణించడానికి మనకు మాటల కొరత లేదు. ఇంగ్లీషువారు టానిన్ అనే దానికి 'వగరు' అన్న మాట అచ్చంగా సరిపోతుంది. పచ్చి మామిడిపిందెనో, లేత జామకాయనో కొరికినప్పుడు చిగుళ్ళు పట్టేసే ఆ అనుభూతిని షిరాజ్, కాబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్‌లలో వెదకండి. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో పచ్చిగడ్డి, జామ వాసనలు తగులుతాయి. మా అక్క మొదటి గుక్కకే 'ఇది మన పెరటి జామచెట్టు' అంది, పోసినాయన కూడా తలూపాడు.

భోజనంతో జత కలిపేటప్పుడు మన కారం సంగతి మరవకూడదు. కారపు వంటతో వగరెక్కువగా ఉన్న ఎర్ర వైన్ తాగితే నోటి మంట పెరుగుతుంది. కొద్దిగా తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్, చల్లగా తీసుకుంటే ఆ కారాన్ని ఓదారుస్తుంది. నాసిక్ మిసళ్ పావ్ (మొలకల కూరతో తినే పావ్ రొట్టె) కారంగా, ఘాటుగా ఉంటుంది కనుక దాన్ని ఉదయపు ఫలహారానికి ఉంచుకొని, సాయంత్రం వైన్‌తో తక్కువ మసాలా వంటలు తీసుకోవడం నా అలవాటు.

పుట్టినరోజు నాడు

ఆ రోజు ఉదయాన్ని నదికి ఇవ్వండి. పంచవటిలోని రామకుండం దగ్గర గోదావరిని చూస్తే మనవారికి కలిగే ఆశ్చర్యం నేను స్వయంగా గమనించాను. రాజమహేంద్రవరం దగ్గర ఆవలి ఒడ్డు మసకగా కనిపించే నది, ఇక్కడ రాతి మెట్ల మధ్య ఒక పాయలా ఉంటుంది. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో త్ర్యంబకేశ్వర్ వద్ద బ్రహ్మగిరిపై పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి మన సముద్రంలో కలుస్తుంది. దగ్గరలోనే ఉన్న కాలారామ్ మందిరం ముందు 1930లో అంబేడ్కర్ నాయకత్వంలో దళితుల ఆలయ ప్రవేశం కోసం సత్యాగ్రహం మొదలైంది. ఆ గుమ్మం ముందు కాసేపు నిలబడి ఆ విషయం పిల్లలకు చెప్పండి. త్ర్యంబకేశ్వర్ దర్శనానికి గంటలు పట్టవచ్చు కనుక దాన్ని మొదటి రోజుకో, మరో ప్రయాణానికో ఉంచుకోవాలి. దర్శనం చేసిన రోజునే వైన్ తాగడం ఇంట్లో పెద్దలకు కష్టం కలిగిస్తుందనిపిస్తే, పుట్టినరోజు ఉదయం గుడికి వెళ్ళి, వైన్ రుచిని ముందు రోజు సాయంత్రానికి జరుపుకోవచ్చు. ఇందులో మొహమాటపడకుండా ముందుగానే అందరినీ అడిగి నిర్ణయించడం అవసరం.

మధ్యాహ్నం ఎండ తగ్గాక పాండవలేణి గుహలకు వెళ్ళాలి. తెలుగువారు నాసిక్ వచ్చి ఇవి చూడకుండా పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మెట్లెక్కి 3వ గుహకు చేరితే, గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం గోడమీద ఉంటుంది. కొడుకు మరణించాక, మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి 19వ పాలనా సంవత్సరంలో, ఆమె తన కొడుకు గొప్పతనాన్ని రాతిలో చెక్కించింది. మూడు సముద్రాల నీరు తాగిన గుర్రాలు గలవాడని ఆ రాజును వర్ణించింది అక్కడే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు ఈ మెట్లు ఎక్కలేకపోవచ్చు. వారు ఆ సమయంలో గదిలో విశ్రాంతి తీసుకుంటే సాయంత్రానికి హుషారుగా ఉంటారు.

సూర్యాస్తమయానికి గంట ముందు తోటకు చేరుకోండి. కేకు, పాటలు అన్నీ చీకటి పడ్డాక చేసుకోవచ్చు గాని, పందిళ్ళ వరుసల మధ్య ఏటవాలు వెలుగు ఉండేది ఆ గంటసేపే. పుట్టినరోజు వ్యక్తి పుట్టిన సంవత్సరపు వైన్ తెరవాలన్న ఆలోచన కొందరికి ఉంటుంది. నాసిక్ వైన్‌లలో ఎక్కువభాగం త్వరగా తాగడానికి చేసినవే కనుక, దానికి బదులు ఆ తోటలో కొత్త కోతతో చేసిన వైన్ అడగండి. తాగనివారి సంగతి కూడా అప్పుడే చూడాలి. మా బావ వైన్ ముట్టరు. ఆయనకు ద్రాక్షరసం అదే రకం గ్లాసులో పోయించాము, దాంతో అందరం ఒకేసారి గ్లాసులెత్తగలిగాము. రాత్రి గదికి నడిచి వెళ్ళగలిగే చోట బస ఉంటే చింత లేదు. లేకపోతే డ్రైవరున్న కారు తప్పనిసరి. రక్తంలో 100 మి.లీ.కి 30 మి.గ్రా. మించి ఆల్కహాలు ఉంటే మొదటి తప్పుకే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు ఉండవచ్చు. అంతకంటే ముఖ్యం, కారులో ఉన్నది మీవాళ్ళు. చలికాలంలో రాత్రి బయట కూర్చోవడానికి శాలువాలు తీసుకువెళ్ళండి.

కొండదిగి నగరానికి

మూడో రోజు పొద్దున్నే ముంబయికి బయలుదేరాలి. నాసిక్ రోడ్ నుంచి వందేభారత్ రైళ్ళు, పంచవటి ఎక్స్‌ప్రెస్ సహా అనేక రైళ్ళు ఉన్నాయి. ఇగత్‌పురి నుంచి కసారా దాకా థల్ ఘాట్ మీద రైలు 37 అడుగులకు ఒక అడుగు చొప్పున దిగుతుంది. ఎదురుగా పైకి వచ్చే రైళ్ళకు అదనపు ఇంజన్లు తగిలించి ఉండటం పిల్లలకు చూపించవచ్చు. రోడ్డు మార్గాన వెళ్ళేవారికి నాగ్‌పూర్, ముంబయిలను కలిపే సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వేలో 2025 జూన్‌లో తెరిచిన చివరి భాగం ఇగత్‌పురి నుంచి ఘాట్‌ను సొరంగంలో దాటిస్తుంది. నేను మాత్రం కిటికీ పక్క సీటున్న రైలుకే ఓటు వేస్తాను.

వందేభారత్, పంచవటి రైళ్ళు ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌కు చేరుతాయి గనుక బస ఫోర్ట్‌లోనో, కొలాబాలోనో, చర్చ్‌గేట్ దగ్గరో చూసుకోండి. అంధేరీలో గది చౌకగా దొరికినా, ఉన్న రెండు రోజుల్లో సగం ప్రయాణానికే పోతుంది. విమానాశ్రయానికి వెళ్ళవలసినవారికి 2025 అక్టోబరు నుంచి పూర్తిగా నడుస్తున్న భూగర్భ మెట్రో మూడో లైను పెద్ద సౌకర్యం.

మొదటి సాయంత్రం పనులేవీ పెట్టుకోకుండా మెరైన్ డ్రైవ్‌కు వెళ్ళండి. సముద్రానికి ఎదురుగా వరుసగా ఉన్న గుండ్రటి మూలల ఆర్ట్ డెకో శైలి భవనాలకు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఓవల్ మైదానానికి అవతల ఉన్న గోథిక్ కట్టడాలదీ అదే గుర్తింపు. నిజాం రాజ్యం నుంచి వలసవెళ్ళిన తెలుగు కామాఠీలు బొంబాయి నగర నిర్మాణంలో కూలీలుగా చెమటోడ్చారు, కామాటిపురకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ రాళ్ళు వేరేగా కనిపిస్తాయి.

నాలుగో రోజు ఉదయం గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి పడవలో గంట ప్రయాణం చేసి ఎలిఫెంటా గుహల్లోని మూడు ముఖాల సదాశివుణ్ణి చూడవచ్చు. సోమవారం సెలవు కనుక రోజులు లెక్క వేసుకునేటప్పుడే ఈ విషయం చూసుకోవాలి. తిరిగివచ్చాక 1904 నాటి కయానీ వంటి ఇరానీ హోటల్లో చాయ్, బన్ మస్కా తీసుకుంటే హైదరాబాదీలకు చుట్టాలింటికి వచ్చినట్టే ఉంటుంది.

తోటలో కొన్న సీసాల విషయంలో ఒక జాగ్రత్త. ఇతర రాష్ట్రాల మద్యం తేవడంపై తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎక్సైజ్ ఆంక్షలు ఉన్నాయి కాబట్టి నియమాలు తెలుసుకోకుండా సంచిలో సర్దుకోవద్దు. ముంబయి చివరి రాత్రి భోజనంతో ముగించేలా ఒకటో రెండో సీసాలు మాత్రమే కొని, హోటల్లో తెరవనిస్తారో లేదో ముందు అడగండి. ఇంటికి తీసుకెళ్ళడానికి నాసిక్ చివ్‌డా, కోతకాలమైతే తినే ద్రాక్ష ఉండనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి ముంబయి నుంచి రాత్రి బయలుదేరే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ పుణె, షోలాపూర్ల మీదుగా తొందరగా చేరుస్తుంది. తొందర లేకపోతే దేవగిరికే టికెట్ తీసుకోండి. మరునాటి ఉదయం అది బాసర దాటగానే గోదావరి వంతెన మీదికి వస్తుంది. రామకుండం దగ్గర చూసిన ఆ పాయ అక్కడికి ఎంత వెడల్పయిందో చూడటానికి మా అక్క ఫలహారం పొట్లం పక్కనపెట్టి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.